ఒకే కొండబాట – ముగ్గురు బాటసారులు

మన భాషలో దారికి పేర్లు చాలా ఉన్నాయి. మనుషుల అడుగులు పడి పడి ఏర్పడినది కాలిబాట. బండి చక్రాలు గాడి చేసినది బండిబాట. చేల నడుమ పల్లంగా సాగేది డొంక; కొన్ని జిల్లాలలో దానినే పుంత అంటారు. ఉర్దూలోని పగ్‌డండీ అన్న మాటలోనూ పాదమే ఉంది. ఈ పేర్లను కొంచెం నిదానంగా పరికిస్తే, ఆ దారి ఎవరిదో చెప్పే సూచన చాలావాటిలో ఇమిడి ఉన్నట్లు తెలుస్తుంది. కాలిబాట మీదికి బండి రాదు, రావాలన్నా పట్టదు. దారి వెడల్పే అక్కడ శాసనం. అందుచేత నడిచేవాడికీ చక్రంమీద పోయేవాడికీ మధ్య తగవు ఊరి వీథిలోనే తప్ప కొండమీద, అడవిలో పుట్టే అవకాశం ఉండేది కాదు.

ఈ హద్దును చెరిపివేసినది మౌంటెన్ బైకు అని పిలువబడే కొండ సైకిలు. లావుపాటి టైర్లు, గట్టి బ్రేకులు, ఎగువకు ఎక్కడానికి అనువైన గేర్లు ఉన్న ఈ వాహనం మూరెడు వెడల్పు ఉన్న బాటమీద కూడా సాగిపోగలదు. దానితో పాదచారి, పరుగెత్తేవాడు, సైకిలు తొక్కేవాడు ముగ్గురూ ఒకే బాటమీద ఎదురుపడవలసి వచ్చింది. ఆ ముగ్గురి మధ్య ఏర్పడిన వివాదాన్నీ, దానికి గల కారణాలనూ, పరిష్కారానికి జరిగిన ప్రయత్నాలనూ ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. ఈ సైకిలు రూపుదిద్దుకొన్న చోటనే ఈ తగవు కూడా తీవ్రరూపం దాల్చింది గనుక అక్కడి నుంచే ప్రారంభించడం సముచితం.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, గోల్డెన్ గేట్ వంతెనకు ఆవల, మరిన్ కౌంటీ అనే జిల్లా ఉంది. ఆ జిల్లాకు తలమానికంగా నిలిచిన కొండ పేరు టమల్‌పైస్. ఎత్తు సుమారు 2,570 అడుగులు మాత్రమే. హిమాలయాలను ఎరిగిన మనకు అది గుట్టతో సమానం. కాని సముద్రానికి ఆనుకొని ఉండడం వల్ల, పక్కనే మహానగరం ఉండడం వల్ల దానికి వచ్చినంత రద్దీ ఎన్నో పెద్ద పర్వతాలకు లేదు. ఆ అఖాత ప్రాంతంలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలు, హైదరాబాదీ కుటుంబాలు అనేకం. ఈ వ్యాసంలో ప్రస్తావించే దారులలో మన పాఠకుల బంధువులే నడుస్తూ ఉండవచ్చు.

1896లో ఈ కొండమీదికి రైలుమార్గం వేశారు. ఎనిమిది మైళ్లకు కొంచెం మించిన ఆ మార్గంలో 281 మలుపులు ఉండేవి. ప్రపంచంలోకెల్లా వంకర రైలు అని దానికి ప్రచారం చేసుకొన్నారు. 1929లో కొండకు నిప్పు అంటుకొని మార్గం దెబ్బతిన్నది. మోటారు కార్లు వచ్చి రైలుకు గిరాకీ అప్పటికే తగ్గిపోయింది. 1930లో రైలు ఆగిపోయి, పట్టాలు తీసివేయగా మిగిలిన కట్ట ఈనాటికీ పాదచారులకూ సైకిళ్లకూ ఉమ్మడి దారిగా ఉపయోగపడుతున్నది. రైలు ఎక్కగలిగేంత మెల్లని వాలు గనుక, వెడల్పు కూడా ఉన్నది గనుక, అక్కడ ఇద్దరికీ చోటు చాలుతుంది. చిక్కంతా కొండ పక్కన సన్నగా, చెట్ల మధ్య మెలికలు తిరిగే కాలిబాటలతోనే.

ఆ కాలిబాటలు ఊరకే ఏర్పడినవి కావు. వాటిని తీర్చిదిద్ది, కాపాడినవారు నడకను ప్రేమించిన నగరవాసులు. 1912లో వారు టమల్‌పైస్ పరిరక్షణ సంఘాన్ని స్థాపించుకొని, ఆదివారాలు కొండకు వచ్చి, తుప్పలు నరికి, చెత్త ఏరి, మెట్లు కట్టారు. అందుచేత ఆ బాటలు తమవన్న భావం పాదచారులలో తరతరాలుగా పాతుకొని ఉంది. ఆ భావాన్ని స్వార్థమని కొట్టివేయడం మాకు ఉచితంగా తోచదు. చెమటోడ్చి కట్టినవారికి ఆ మాత్రం మమకారం సహజమే.

పరుగెత్తేవారి చరిత్ర కూడా అక్కడ పాతదే. మిల్ వ్యాలీ పట్టణం నుంచి కొండ భుజం మీదుగా సముద్రతీరంలోని స్టిన్సన్ బీచ్ వరకు డిప్సీ అనే పరుగుపందెం 1905 నుంచి జరుగుతున్నది. దూరం ఏడున్నర మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు. మొదట్లోనే వందల కొద్దీ మెట్లు ఎక్కాలి. ఈ పందెంలో ఒక విశేషం ఉంది. అందరూ ఒకేసారి బయలుదేరరు. వయస్సునుబట్టి, స్త్రీపురుష భేదాన్నిబట్టి వృద్ధులనూ బాలబాలికలనూ ముందుగా వదులుతారు. బలిష్ఠులైన యువకులు అందరికంటె వెనుక బయలుదేరి, ఇరుకు బాటమీద ముందువారిని దాటుకొంటూ పోవాలి. 2010లో ఎనిమిదేళ్ల బాలిక ఈ పందెంలో ప్రథమురాలుగా నిలిచింది. బలం ఎక్కువ ఉన్నవాడిపై భారం ఎక్కువ మోపడం న్యాయమన్న ఆలోచన సైకిలు రాకకు ఎంతో ముందే ఆ కొండమీద ఆచరణలో ఉన్నదన్నమాట. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని అవసరం ముందు ముందు కలుగుతుంది.

ఇక సైకిలు కథ. 1970 దశకంలో మరిన్ జిల్లాలోని కొందరు యువకులు, ఎప్పుడో 1930లు, 40లలో తయారై మూలపడిన బరువైన సైకిళ్లను పాతసామాను అంగళ్లలో కొని, కొండమీదికి మోసుకుపోయి, అగ్నిమాపక వాహనాల కోసం వేసిన మట్టిరోడ్లపై కిందికి దూసుకొని రావడం వినోదంగా చేసుకొన్నారు. ఫెయిర్‌ఫాక్స్ పట్టణం ఎగువన ఉన్న అటువంటి రోడ్డుపై 1976 అక్టోబరు 21న పందెం జరిగింది. సుమారు రెండు మైళ్ల దూరంలో 1,300 అడుగుల దిగుడు. పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఆ సైకిళ్లకు ఉండేది. కింద చేరేసరికి చక్రం ఇరుసులోని గ్రీజు కాగి పొగలై పోయేది; మళ్లీ గ్రీజు కూరితే గాని సైకిలు పనికి వచ్చేది కాదు. తిరిగి కూరడం అన్న అర్థంలో ఆ రోడ్డుకే రీప్యాక్ అని పేరు స్థిరపడింది. అటువంటి పందేలలో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండకోసమే ప్రత్యేకంగా సైకిలు చట్రం తయారు చేశాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన చట్రాలతో వ్యాపారం ఆరంభించారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ ఇటువంటి సైకిలును పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది పతకాలిచ్చే క్రీడ అయింది. ఇరవై ఏళ్లలో ఇంత దూరం పోయిన ఆట మరొకటి ఉన్నదా అంటే వెదకవలసిందే.

పదిమంది యువకుల వినోదంగా ఉన్నంతకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వందలు, వేలు అయ్యేసరికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మలుపు తిరిగేసరికి మీదికి వచ్చిపడినట్లు సైకిలు కనిపించిందనీ, గుర్రం బెదిరిందనీ, పక్కనున్న లోయవైపు తప్పుకోవలసి వచ్చిందనీ పెద్దలు వాపోయారు. టమల్‌పైస్‌లో చాలాభాగం త్రాగునీటి జలాశయాల పరీవాహక ప్రాంతం గనుక అక్కడ నీటి సరఫరా సంస్థదే పెత్తనం. ఆ సంస్థా, జిల్లా అధికారులూ సైకిళ్లను వెడల్పైన మట్టిరోడ్లకు పరిమితం చేసి, సన్నని కాలిబాటలపై నిషేధించారు. రోడ్లపై గంటకు 15 మైళ్లు, ఇతరులను దాటేటప్పుడూ ముందు కానరాని మలుపులలోనూ 5 మైళ్లు మించరాదని వేగపరిమితి విధించారు. అడవిలో రాడార్ యంత్రం పట్టుకొని సైకిళ్ల వేగాన్ని కొలిచే కావలివాడు కనిపించడం ఆ రోజుల్లో పత్రికలకు విచిత్రమైన వార్త.

ఈ 15, 5 అన్న అంకెలు చూసి విద్యార్థులు నవ్వుకోవచ్చు. మన ఊరిలో పాలవాడి సైకిలైనా దాదాపు ఆ వేగంతోనే పోతుంది గదా అనిపించవచ్చు. కాని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకొన్న చలన సమీకరణాలను ఒకసారి జ్ఞాపకం తెచ్చుకొంటే ఈ పరిమితుల వెనుక ఉన్న వివేకం బోధపడుతుంది. గంటకు 15 మైళ్లంటే 24 కిలోమీటర్లు, సెకనుకు 6.7 మీటర్లు. ఎదుట మనిషిని చూసి, బ్రేకు పట్టాలన్న తలపు చేతికి చేరి, వేళ్లు బిగియడానికి ఒక సెకను పడుతుందనుకొందాం. ఆ సెకనులోనే సైకిలు 6.7 మీటర్లు ముందుకు పోతుంది. తర్వాత గులకమట్టిపై సైకిలు సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం కోల్పోతుందనుకొంటే, నిలవడానికి మరి 7.5 మీటర్లు కావాలి. మొత్తం 14 మీటర్లు. ఇది సమతలం లెక్క. నూటికి పది వాలున్న దిగుడులో గురుత్వాకర్షణ సుమారు ఒక మీటరు మేర బ్రేకు శక్తిని హరిస్తుంది. అప్పుడు మొత్తం 18 మీటర్లు కావాలి. అదే 5 మైళ్ల వేగం, అంటే 8 కిలోమీటర్లు అయితే సమతలంపై 3 మీటర్లలో నిలిచిపోతుంది. కొండబాటలో మలుపు దగ్గర కనిపించే దూరం పదిమీటర్లే ఉన్న పక్షంలో మొదటివాడు ఎంత సత్పురుషుడైనా సకాలంలో ఆగలేడు; రెండవవాడు ఎంత మొండివాడైనా ఆగగలడు.

మరొక సంగతి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. సెకనుకు పది మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగే సైకిలు సమతలంపైనే సుమారు 27 మీటర్లు కోరుతుంది. చెట్ల మధ్య అంత దూరం కనిపించే బాటలు అరుదు. కాబట్టి ఇది మర్యాద తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య వచ్చిన తగవు కాదని మా అభిప్రాయం. చూపు ఎంత దూరం పోతుందో, బ్రేకు ఎంత దూరం అడుగుతుందో ఆ రెండింటి మధ్య వ్యత్యాసమే దీనికి మూలం. దీనిని ఎరుగక ఇరుపక్షాలవారూ ఒకరి సంస్కారాన్ని ఒకరు ప్రశ్నించుకొంటూ చాలా సిరా వృథా చేశారు.

ఐతే భౌతికశాస్త్రంతోనే అంతా తేలదు. ఢీకొనడం వంటి ప్రమాదాలకంటె ఉలికిపాటుకు సంబంధించిన ఫిర్యాదులే ఎక్కువ. ఇక్కడ మనోవిజ్ఞానం ప్రవేశిస్తుంది. 1980లో జేకబ్, ష్రెయర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరుబయట వినోదాలలో పుట్టే సంఘర్షణ గురించి ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఒకడు తాను కోరి వచ్చిన దానిని పొందకుండా మరొకడి ప్రవర్తన అడ్డుపడిందని భావించినప్పుడే సంఘర్షణ కలుగుతుందని దాని సారాంశం. పాదచారి నిశ్శబ్దాన్ని కోరి వచ్చాడు; సైకిలువాడు వేగాన్ని కోరి వచ్చాడు. వేగం నిశ్శబ్దాన్ని చెరుపుతుంది. నిశ్శబ్దం వేగాన్ని చెరపదు. అందుచేత బాధ ఒకవైపే ప్రవహిస్తుంది. దీనినే అసమ సంఘర్షణ అంటారు.

ఈ అసమత సైకిలుతో పుట్టినది కాదు. 1964లోనే రాబర్ట్ లూకస్ అనే పరిశోధకుడు మిన్నెసోటా రాష్ట్రపు సరస్సుల ప్రాంతంలో తెడ్డుపడవల వారినీ మోటారు పడవల వారినీ విచారించాడు. తెడ్డు వేసేవారికి మోటారు పడవ కనిపిస్తే చాలు, అడవి అందమంతా పోయినట్లుండేది. మోటారు పడవవారికి మాత్రం తెడ్డుపడవ వల్ల ఏ ఇబ్బందీ లేదు. అసలు గొడవ ఏమిటో వారికి అర్థమే కాలేదు. కొండబాటపై కూడా సరిగ్గా ఇదే. నేనెవరినీ ఏమీ అనలేదే, పక్కనుంచి పోయాను, అంతేగదా అంటాడు సైకిలువాడు. అతడి మాట నిజమే. పాదచారి గుండె దడ కూడా నిజమే. ఏ పక్షం అబద్ధమాడకుండానే తగవు యాభై ఏళ్లు సాగడానికి కారణం ఇదే.

బాధ ఒకవైపే ఉన్నప్పుడు తప్పుకొనే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఎవరెవరికి దారి ఇవ్వాలో ఒక పట్టిక ఉంది. రథంపై పోయేవాడు, తొంబది ఏళ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, రాజు, పెండ్లికొడుకు మొదలైనవారు అందులో ఉన్నారు. మొదటి పేరు చక్రంమీద పోయేవాడిదే కావడం గమనార్హం. నేటి కొండబాటల శాసనం దీనిని తలక్రిందులు చేసింది. అమెరికా బాటల ఆరంభంలో మూడు బాణాలతో ఒక త్రికోణపు గుర్తు నాటి ఉంటుంది. సైకిలు పాదచారికీ గుర్రానికీ దారి ఇవ్వాలి. పాదచారి గుర్రానికి దారి ఇవ్వాలి. గుర్రం ఎవరికీ ఇవ్వనక్కరలేదు. ఎక్కేవాడికి దిగేవాడు దారి ఇవ్వడం కూడా మర్యాదగా స్థిరపడింది. రథాలు కొందరికే ఉన్న కాలంలో చక్రానికి గౌరవం దక్కింది. చక్రం ఎవరికైనా దొరికే కాలంలో బాధ్యత దానిపై పడింది. డిప్సీ పందెంలో యువకుడు వెనుక బయలుదేరడంలో ఉన్న న్యాయమే ఈ త్రికోణంలోనూ ఉంది. ఎవరు ఎదుటివాడిని ఉలిక్కిపడజేయగలరో వారే ముందుగా తగ్గాలి. అసమమైన బాధకు అసమమైన బాధ్యతే సమన్యాయమని మేము విశ్వసిస్తున్నాము.

ఇంగ్లండు ఈ సూత్రాన్ని చట్టంలోనే పొందుపరిచింది. అక్కడి 1968 గ్రామీణ ప్రాంతాల చట్టం, గుర్రపు దారులపై సైకిలు తొక్కే హక్కును ఇస్తూనే, పాదచారులకూ గుర్రపు రౌతులకూ దారి ఇవ్వాలన్న షరతును అదే సెక్షనులో చేర్చింది. హక్కు, బాధ్యత ఒకే వాక్యంలో పుట్టాయి. కొండ సైకిలు పుట్టకముందే ఈ చట్టం రావడం వల్ల అక్కడ తగవు అంతగా ముదరలేదేమో అనిపిస్తుంది. స్కాట్లండులో 2003 భూసంస్కరణ చట్టం ఇంకా ఉదారంగా, బాధ్యతతో ప్రవర్తించినంతవరకు నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ గుర్రాలవారికీ దాదాపు అన్ని భూములపైనా ప్రవేశం కల్పించింది. అమెరికా ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. 1964 నాటి అరణ్య చట్టం సంరక్షిత అరణ్యాలలో యాంత్రిక రవాణాను నిషేధించగా, సైకిలు కూడా ఆ మాటకిందికే వస్తుందని 1984లో అటవీశాఖ స్పష్టం చేసింది. 1987లో జాతీయ ఉద్యానవనాల శాఖ, ప్రత్యేకంగా అనుమతించిన బాటలపై తప్ప సైకిలు పోరాదని నియమం పెట్టింది. మరిన్ జిల్లా సైకిలు సంఘం దీనిపై న్యాయస్థానానికి వెళ్లింది. 1996లో అప్పీలు కోర్టు ప్రభుత్వపక్షానే తీర్పు చెప్పింది.

నిషేధాన్ని సమర్థించేవారు తరచు చెప్పే కారణం మరొకటి ఉంది: చక్రం నేలను కోస్తుంది, కొండను పాడుచేస్తుంది అని. ఈ వాదం వినడానికి సహేతుకంగానే ఉంటుంది. పరిశోధనలు మాత్రం దీనిని పూర్తిగా బలపరచలేదు. 1994లో విల్సన్, సెనీ అనేవారు మోంటానా రాష్ట్రంలోని బాటలపై గుర్రాలు, పాదచారులు, మోటారు సైకిళ్లు, మామూలు సైకిళ్లు కలిగించే నష్టాన్ని పోల్చి చూశారు. తడి నేలపై మట్టిని ఎక్కువగా వదులు చేసినవి చక్రాలు కావు, డెక్కలూ పాదాలూ. 2001లో థర్స్టన్, రీడర్ అనేవారు కెనడాలోని ఒంటారియో అడవిలో కొన్ని చోట్ల మనుషులను, కొన్ని చోట్ల సైకిళ్లను 500 సార్ల వరకు నడిపించి, మొక్కలకూ నేలకూ కలిగిన హాని రెండింటిలోనూ ఇంచుమించు సమానమేనని తేల్చారు. ఐతే సైకిలువాడు ఒక పూటలో పాదచారికంటె మూడు నాలుగు రెట్ల దూరం పోతాడు. బ్రేకు గట్టిగా పట్టి చక్రాన్ని ఈడిస్తే గాడి పడుతుంది. ఆ గాడిలో వాన నీరు పారితే అది కాలువ అవుతుంది. కాబట్టి చక్రం నిర్దోషి అని మేము అనబోము. ఉలికిపాటు బాధను మట్టి బాధగా చెప్పుకోవడం వల్ల అసలు రోగం మరుగున పడిందని మాత్రం అంటాము.

నిజానికి బాటకు ప్రధాన శత్రువు నీరు. దీనిని గుర్తించిన తర్వాతనే మంచి మార్పులు వచ్చాయి. 1988లో కాలిఫోర్నియాలోని కొన్ని సైకిలు సంఘాలు కలిసి అంతర్జాతీయ పర్వత సైకిలు సంఘాన్ని స్థాపించుకొన్నాయి. ప్రవర్తనా నియమాలు ప్రకటించడంతో ఆ సంఘం ఆగలేదు. పారా పలుగూ పట్టి బాటలు వేయడం నేర్చుకొంది, ఇతరులకు నేర్పింది. కొండ పక్క ఎంత వాలు ఉందో అందులో సగానికి మించి బాట వాలు ఉండరాదనీ, సగటున నూటికి పది దాటరాదనీ, బాట బయటి అంచు కొంచెం పల్లంగా ఉండాలనీ, అక్కడక్కడ దిగుడు మధ్య చిన్న ఎక్కుడు పెట్టాలనీ వారి సూత్రాలు. బయటి అంచు పల్లంగా ఉంటే నీరు బాటవెంట పారకుండా అడ్డంగా జారిపోతుంది. చిన్న ఎక్కుడు వల్ల నీరు ఆగి పక్కకు తిరుగుతుంది. అదే ఎక్కుడు సైకిలు వేగాన్నీ తగ్గిస్తుంది. పనిలో పనిగా మలుపుకు ముందు అటువంటి ఎక్కుడు పెడితే, పైన లెక్కవేసిన 14 మీటర్లు తమంతట తామే తగ్గిపోతాయి. పలక మీద వ్రాసిన వేగపరిమితిని పాటించాలంటే మనస్సు ఉండాలి. నేలమీద మలచిన వేగపరిమితికి ఆ అవసరం లేదు. ఇంతకంటె తెలివైన శాసనం మాకు కనిపించలేదు.

స్థలం పంచుకోవడం సాధ్యం కానిచోట కాలాన్ని పంచుకొన్నవారూ ఉన్నారు. యూటా రాష్ట్రంలోని మిల్‌క్రీక్ లోయ ఎగువ బాటలపై సరిసంఖ్య తేదీలలో మాత్రమే సైకిలుకు అనుమతి. బేసి తేదీలలో కుక్కలను గొలుసు లేకుండా తీసుకుపోవచ్చు. నార్త్ కరోలినాలోని సాలీ అనే చోట సైకిళ్లూ గుర్రాలూ రోజులు మార్చుకొని బాటలు వాడుకొంటాయి. ఊరి చెరువు నీటిని వంతులవారీగా పొలాలకు పెట్టుకొనే మనకు ఇందులో వింత ఏమీ లేదు. నిశ్శబ్దం కోరేవాడు బేసి తేదీన వస్తాడు. అతడికి ఫిర్యాదు ఉండదు. ఐతే ఇందుకు బాటలకు చేరే దారి ఒకటే అయి, కాపలా పెట్టగలిగే వీలు ఉండాలి. టమల్‌పైస్ వంటి, నలువైపులా ఊళ్లున్న కొండకు ఇది పొసగుతుందా అన్నది సందేహం.

ముగ్గురిలో పరుగెత్తేవాడి సంగతి ఇంతవరకు దాదాపు మరచిపోయాము. శాసనాలు కూడా అలాగే మరచిపోయాయి. త్రికోణంలో అతడికి బొమ్మ లేదు. కాలిపై పోతున్నాడు గనుక పాదచారి హక్కులన్నీ అతడివే. కాని గంటకు 10, 12 కిలోమీటర్ల వేగంతో, మెత్తని బూట్లతో, వెనుకనుంచి చప్పుడు లేకుండా వచ్చే పరుగుగాడు వృద్ధులను ఉలిక్కిపడజేయడంలో సైకిలుకు తీసిపోడు. అదే సమయంలో సైకిలు అతడి వెనుక వస్తే అతడూ ఉలిక్కిపడతాడు. ఎవరు ఉలిక్కిపడజేస్తారో వారే తగ్గాలన్న సూత్రం చక్రానికే కాదు, పాదానికీ వర్తించాలి. ఇప్పుడు మోటారు సాయంతో నడిచే విద్యుత్ సైకిళ్లు కూడా వచ్చాయి. 2019లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ, మామూలు సైకిలుకు అనుమతి ఉన్న చోట్ల వీటిని కూడా అనుమతించే దిశగా ఉత్తర్వు ఇచ్చింది. దిగుడులోనే ఉండే వేగం వీటివల్ల ఎక్కుడులోకి కూడా వచ్చింది. మోకాళ్లు అరిగిన పెద్దలు వీటి సాయంతో తాము యౌవనంలో చూసిన శిఖరాలను మళ్లీ చూడగలుగుతున్నారన్నది మరొక పక్క. వీటిని యువకుల దుడుకు వాహనాలని ఒక్కమాటలో తీసివేయలేము.

టమల్‌పైస్‌పై తగవు ఇంకా తీరలేదు. 2024లో ఆ నీటి సరఫరా సంస్థ కొన్ని కాలిబాటలను ప్రయోగాత్మకంగా సైకిళ్లకు తెరవాలని నిర్ణయించింది. స్థానిక ప్రకృతి పరిరక్షణ సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. వందేళ్లకు పైగా మెట్లు కట్టినవారి వారసులు ఒకవైపు, ఆ కొండపైనే తమ క్రీడ పుట్టినా దాని బాటలపైకి పోలేకపోతున్నవారు మరొకవైపు. రెండు పక్షాలవారూ ఆ కొండను ప్రేమిస్తున్నవారే కావడం ఇందులోని విషాదం.

ఆ రాష్ట్రంలోనే దక్షిణాన సాంటా బార్బరా పట్టణంలో మరొక ఉపాయం ఆచరణలో పెట్టారు. బాట ఆరంభంలో ఒక పెట్టె ఉంటుంది. అందులో చిన్న చిన్న గంటలుంటాయి. సైకిలువాడు ఒకటి తీసుకొని పిడికి తగిలించుకొంటాడు. సవారీ ముగిశాక తిరిగి పెట్టెలో వేస్తాడు. కుదుపుకు గంట దానంతటదే మ్రోగుతుంది. మన పుంతలలో ఎదురుబండిని హెచ్చరించిన ఎద్దుల మెడగంటలూ, ఆంగ్లేయుల కాలంలో తపాలా సంచితో అడవిదారుల్లో పరుగెత్తిన హర్కారా చేతికర్రకు కట్టిన గంటలూ చేసిన పని ఇదే. హర్కారా పరుగుగాడే గదా. గంట చక్రానికే కాదు, పరుగుకూ ఉండేది. నలభై మీటర్ల దూరాన గంట వినిపిస్తే, 24 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలు చేరేలోగా పాదచారికి ఆరు సెకన్లు దొరుకుతాయి. మనవడి చేయి పట్టుకొని బాట పక్కన నిలబడడానికి ఆ ఆరు సెకన్లు చాలు, ఆయన చెవులలో పాటల తీగలు లేకపోతే.